బేగం మెడలో ముడి

రంజాన్ నెలలో హబీబున్నీసా ఎవరినీ తిట్టదు. తిట్లు రాక కాదు. ఆర్మూరు పసుపు యార్డులో కొమ్ములు ఏరే ఆడవాళ్ళలో ఆమె నోటికి ఎదురు నిలిచిన మనిషి లేదు. రోజా ఉండి నోరు పారేసుకుంటే ఆకలి తప్ప దక్కేదేమీ ఉండదని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిన మాట మాత్రం గట్టిగా పట్టుకుంది. అందుకని ఆ నెలంతా పొద్దున వచ్చిన తిట్టును సాయంత్రం దాకా నాలుక కింద దాచుతుంది. అజాన్ వినబడగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, రెండు గుక్కల నీళ్ళు తాగి, ఎవరికి ముట్టాల్సింది వాళ్ళకు ముట్టజెబుతుంది. ఇరవై ఏళ్ళుగా పక్కనే కూర్చుని ఏరుతున్న కనకవ్వ వాటికి సద్ది తిట్లు అని పేరు పెట్టింది.

"పొద్దటియి పొద్దుగూకెదాక ఉంటె ఇంక జర పులుస్తయ్," అంటుంది.

ఈసారి రంజాన్ సరిగ్గా పసుపు సీజను మధ్యలో వచ్చింది. పన్నెండో రోజా నాడు తెల్లవారగానే ఆమె నాలుక కిందికి చేరిన తిట్టు మాత్రం ఒక ఖర్జూరంతో తీరేది కాదు. ఆ పొద్దున రాతికుంట గట్టు మీద, తుమ్మ కంచె సందులో, బేగం చచ్చిపడి ఉంది.

బేగం ఒక చెవులపిల్లి. బడి పుస్తకాల్లో కుందేలు అని రాసి, తెల్లగా బొద్దుగా బొమ్మ వేస్తారు. బేగం ఆ బాపతు కాదు. ఎండిన గడ్డి రంగు ఒళ్ళు, మెడ వెనక నల్లటి మచ్చ, జానెడు చెవులు, అందులో ఎడమ చెవి కొస రెండుగా చీలి ఉండేది. నడకలో ఒక టెక్కు. మంచినీళ్ళకు వచ్చినా ఎవరో పిలిస్తే వచ్చినట్టు వచ్చేది. అందుకే ఆ పేరు.

హబీబున్నీసాకు ఈ కుంటతో పరిచయం ఆరేళ్ళది. అంతకుముందు అది ఆమె భర్త ఇనాయత్ కుంట. ఇనాయత్ యార్డులో బస్తాలు కుట్టే హమాలీ. బతికున్నన్నాళ్ళూ తెల్లవారకముందే లేచి, ఊరి చివర రాళ్ళగుట్ట కింద ఉన్న ఆ కుంటకు వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చేవాడు. ఇంట్లో నల్లా పెట్టుకుని అంత దూరం ఎందుకంటే, నల్లా నీళ్ళకు నిద్ర వదలదనేవాడు. చలికాలంలో అప్పుడప్పుడు వస్తూ వస్తూ, జక్రాన్‌పల్లి మనిషి దగ్గర కొన్నానని కౌజు పిట్టల మాంసం తెచ్చేవాడు. బయటే కోసి, కడిగి, ముక్కలు చేసి తెచ్చి నేరుగా గిన్నెలో పోసేవాడు.

"ఏం జీ, గీ పిట్టకు నాలుగు తొడలున్నయేంది?" అని ఆమె నవ్వేది.

"రెండు పిట్టలే పాగల్," అని అతనూ నవ్వేవాడు.

ఆ కూరంటే ఆమెకు ప్రాణం. గిన్నె అడుగును రొట్టె ముక్కతో తుడుచుకుని తినేది.

ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవలేదు. "ఏం జీ" అంటే సరిపోయేది. ఇతరుల దగ్గర "మా ఇంటాయన". కామెర్లు ముదిరి నిజామాబాదు దవాఖానలో అతను పోయిన రోజు కూడా కాగితం మీద పేరేమిటని నర్సు అడిగితే, పక్క మంచం మనిషి చేత చెప్పించింది. ఇప్పటికీ ప్రతి గురువారం సాయంత్రం గోరీ దగ్గరికి దోసెడు గులాబీ రేకులు పట్టుకెళ్తుంది.

అతను పోయాక ఇద్దత్ పాటిస్తూ నాలుగు నెలల పది రోజులు గడప లోపల కూర్చుని, బయటికి వచ్చిన మొదటి పొద్దున, మేకలకు గడ్డి కోసే వంకతో ఆమె ఆ కుంటకు వెళ్ళింది. మనిషి రోజూ ముఖం కడుక్కున్న నీళ్ళు ఎట్లా ఉంటాయో చూడాలనిపించింది. కడుపారా ఏడుద్దామని ఒక బండ మీద కూర్చుంది. ఎదురుగా గడ్డిలో నుంచి ఒక చెవులపిల్లి వచ్చి, ఆమెలాగే కూర్చుని, ముందరి కాళ్ళతో మూతి తుడుచుకుంది. ఎడమ చెవి కొస చీలి ఉంది. హబీబున్నీసాకు ఏడుపు సంగతి గుర్తుకు రాలేదు.

అప్పటి నుంచి ఆ బండ ఆమెది. చదువు రాని మనిషి, ఎవరూ నేర్పలేదు. ఊరికే కదలకుండా కూర్చుని, ఒక్కొక్కటే కనిపెట్టింది. చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డిలో తన ఒంటి కొలతకు ఒక గుంట ఒత్తుకుని అందులోనే పగలంతా పడుకుంటుంది. ఒకరోజు బేగం లేచి వెళ్ళాక ఆ గుంటలో చెయ్యి పెట్టి చూసింది. రొట్టెలు దించిన పెనంలా వెచ్చగా ఉంది. పుట్టిన కొత్తలో పిల్లల్ని ఒక్కచోట ఉంచదు. తలా ఒక తావున దాచి, పొద్దుగూకే వేళ వచ్చి పాలిచ్చి పోతుంది. వచ్చిన దారినే మళ్ళీ వస్తుంది. కంచె సందు వస్తే ఆగి, వెనక కాళ్ళ మీద లేచి, గాలి వాసన చూసి, అప్పుడు గాని దూరదు. ఊళ్ళో తీతువు అరిస్తే ఎవరికో మూడిందంటారు గాని ఇక్కడ అది కుంటకు చౌకీదారు. కుక్క వచ్చినా మనిషి వచ్చినా ముందు అదే కేకేస్తుంది. ఆమెను చూసి అరవడం మానడానికి తీతువుకు రెండేళ్ళు పట్టింది. ఆ మానిన రోజున ఆమె ఇంటికి వచ్చి పాయసం వండుకుంది. ముంగిస వచ్చి నీటికోడి గుడ్లు కాజేసినప్పుడు మాత్రం రాయి విసరబోయి ఆగిపోయింది. ఇక్కడ తాను చూడ్డానికి వచ్చిన మనిషి. ఈ ఆరేళ్ళలో కుంట దగ్గర ఒక్కసారి గొంతెత్తలేదు.

పోయిన నెల మాత్రం ఒక పని చేసింది. బండ మీద కూర్చుంటే సర్కారు తుమ్మ కంచె అడ్డం వచ్చి, అవతలి ఎర్రజొన్న చేలో నుంచి బేగం ఎటు వస్తుందో కనబడేది కాదు. కంచెలో ఎప్పటిదో పాత సందు ఒకటి కొమ్మలు కమ్ముకుని మూసుకుపోయి ఉంది. కొడవలితో ఆ కంప కొట్టి సందు తెరిచింది. నాలుగు రోజులు అనుమానపడి, అయిదో రోజు నుంచి బేగం ఆ సందులో నుంచే రాసాగింది, నేరుగా ఆమె ఎదుటికి. రెండు వారాలుగా వెనకాలే పిడికెడంత పిల్లలు రెండు.

పన్నెండో రోజా నాడు అదే సందులో, మెడకు దారం బిగుసుకుని, చుట్టూ గడ్డి గీరుకుపోయి, బేగం పక్కకు ఒరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిల్లలు కనబడలేదు.

హబీబున్నీసా దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత దారం వెంట చూపు పోనిచ్చింది. ఉచ్చు రెండో కొస తుమ్మ వేరుకు కట్టి ఉంది. ఆ ముడి చూడగానే ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

యార్డులో బస్తా మూతి కుట్టడం అయ్యాక చివర ఒక ముడి వేస్తారు. ఎవరి ముడి వారిది. ముప్పై ఏళ్ళుగా బస్తాలు విప్పి ఏరుతున్న ఆమెకు, కళ్ళు మూసుకుని తడిమినా ఏది ఎవరి చేతిదో తెలుస్తుంది. ఈ ముడిని యార్డు అంతా ఇనాయత్ ముడి అంటుంది. బరువు లాగేకొద్దీ బిగుస్తుంది. లోపలికి మడిచిన తోక పట్టి గుంజితే ఒక్క ఊపున విడిపోతుంది. ఇనాయత్ తన పక్కన కుట్టే నడిపయ్యకు తప్ప ఇంకెవరికీ దాన్ని నేర్పలేదు. ఇనాయత్ మట్టిలో ఉన్నాడు. అంటే ఆ ముడి వేసే చేతులు భూమి మీద ఇక రెండే ఉన్నాయి.

ముడిని విప్పలేదు. సాక్ష్యం చెడకూడదని వేరునే నరికి, ముడితో సహా దస్తీలో మూటకట్టింది. బేగంను గట్టు మీద లోతుగా పూడ్చి, మీద రాయి పెట్టి, యార్డుకు నడిచింది.

"ఏందే బీబక్కా, మొకం గట్ల గుంజుకపోయింది? తెల్లారగట్ల సహరీకి ఏం తినలేదా?" అంది కనకవ్వ, జల్లెడ జరుపుతూ.

"తిన్న. ఇప్పుడు నడిపయ్యను తినాలె."

"అయ్యో, గా బొక్కల మనిషిని తింటె నీకేం కడుపు నిండుతది?"

హబీబున్నీసా గొంతు తగ్గించి అంతా చెప్పింది. కనకవ్వ ముక్కు మీద వేలేసుకుంది.

"చెవులపిల్లిని వడితె కేసంట గద. అడివి ఆఫీసోళ్ళకు చెప్పు, పట్కపోతరు."

"అడివోళ్ళు వచ్చెదాక నేను కడుపుల మంట పెట్టుకుని కూసోవాల్నా? నాకు చేతుల్లేవా?"

"రోజా ఉన్నవ్, తిట్టద్దు గదనే."

"తిట్టద్దన్నరు. దారం గుంజద్దని ఎవ్వలనలే."

అప్పుడే నడిపయ్య దబ్బనం చెవికి దోపుకుని అటుగా వచ్చాడు. యాభై దాటిన సన్నటి మనిషి. నడుముకు ఎప్పుడూ తువ్వాల బిగించి ఉంటుంది. వయసులో మోసిన బస్తాలు నడుమును తినేశాయి. దబ్బనం పట్టాకే మళ్ళీ నాలుగు మెతుకులు తింటున్నాడు.

"సలాం భాభీ. ఎండ మస్తున్నది, జర నీడకు జరుగు," అన్నాడు.

రాత్రి పిల్లల తల్లిని చంపి, పొద్దున నన్ను నీడకు జరగమంటున్నాడు, అనుకుంది హబీబున్నీసా. పళ్ళు బిగబట్టింది.

ఆ మధ్యాహ్నం హమాలీలు సద్ది తినడానికి రేకుల షెడ్డు వెనక్కి వెళ్ళారు. ఒక సేటు సరుకు పందొమ్మిది బస్తాలు కుట్టి, లారీకి ఎక్కించడానికి వరసగా నిలబెట్టి ఉన్నాయి. కొన్నింట్లో పొడుగు కొమ్ములు, కొన్నింట్లో గుండ్రటి మండలు. హబీబున్నీసా జల్లెడ చంకన పెట్టుకుని, రాలిన పసుపు చూర ఊడ్చడానికి వెళ్ళినట్టు ఆ వరస వెంట నడిచింది. ఒక్కో బస్తా దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తోక బయటికి, సగం దాకా. చూస్తే ముడి ముడిలాగే ఉంటుంది. లేపితే ఉండదు. ఒక్కో ముడికీ మనసులో, ఇది బేగం చెవికి, ఇది బేగం కంటికి, ఇది పెద్దపిల్లకు, ఇది చిన్నపిల్లకు, అనుకుంటూ పోయింది.

మొదటి బస్తా భుజం మీదికి లేవగానే మూతి విచ్చుకుంది. పసుపు కొమ్ములు హమాలీ నెత్తి మీద నుంచి జలజలా రాలాయి. రెండోది లారీ అంచు దాకా వెళ్ళి తెరుచుకుంది. మూడోది నిలబెట్టిన చోటే ఒరిగింది. కొమ్ములూ మండలూ ఒకటైపోయి నేలంతా పచ్చటి కుప్ప.

"ఏం నడిపన్నా, ముళ్ళేసినవా, పూలు పెట్టినవా?" అని ఒక కుర్ర హమాలీ అరిచాడు. యార్డంతా నవ్వింది.

సేటు నవ్వలేదు. "చేతులు పడిపోయినయా నీకు? రేపటి సంది దబ్బనం ముట్టకు. కుట్టుడు రాకపోతె మొయ్యి!"

నడిపయ్య ఒక దారం కొస వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి ఏరే ఆడవాళ్ళ వైపు చూశాడు. హబీబున్నీసా చూపు దించలేదు. చూడు, బాగా చూడు, అనుకుంది.

అయినా కడుపు చల్లబడలేదు. ఆ సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక కూడా తిట్టు బయటికి తీయలేదు. అది మనిషి ముఖం మీద పడాల్సిన తిట్టు. ఇంట్లో గోడలకు వృథా చేయడమెందుకు? పడుకున్నా పిల్లలే కళ్ళలో మెదిలాయి. మూడు వారాలు నిండితే గడ్డి కొరుక్కుని బతుకుతాయి. నిండాయో లేదో.

మర్నాడు తెల్లవారి కుంట దగ్గర తీతువు అరిచింది. ఆమెను చూసి కాదు. గట్టు దిగి నడిపయ్య వస్తున్నాడు. దూరంగానే ఆగి, గొంతుక్కూర్చున్నాడు.

"భాభీ, ముళ్ళు గుంజింది నువ్వే."

"నేనే. ఇంక గుంజుత. నువ్వు కుట్టినన్ని దినాలు గుంజుత."

"గా తోక యాడుంటదో ఎరికున్నది నీకొక్కదానికే. నిన్ననే తెలిసింది. రాత్రంత పండుకోలే. ఏం జేసిన భాభీ నేను నీకు?"

ఆమె దస్తీ విప్పి, వేరుతో సహా ఉచ్చును అతని కాళ్ళ దగ్గర విసిరింది. "గిది జేసినవ్. పిల్లల తల్లి అది. రాత్రంత కొట్టుకుని కొట్టుకుని సచ్చింది. గీ ముడి నీది కాదంటవా?"

నడిపయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ముడిని బొటనవేలితో తడిమాడు.

"ముడి మాదే."

"ఒప్పుకున్నవ్."

"మాదే అన్న. నాదే అనలే."

అతను తోక పట్టి గుంజాడు. రాలేదు. కుంటలో తడిపాడు, పంటితో కొరికాడు, మళ్ళీ గుంజాడు. కటుక్కున విడిపోయింది. దారాన్ని చాపి ఆమె ముందు పట్టాడు. కొస నుంచి కొస దాకా ఎండకు వెలిసి బూడిద రంగు. ముడి మడతలో ఎండ తగలని చోట మాత్రం రెండు అంగుళాలు పచ్చగా, పసుపు మొక్క లేత ఆకులా నిగనిగలాడుతోంది.

"ముడి సూసినవ్ గని దారం సూడలే భాభీ. గీ పచ్చ నైలాను దారం యార్డుల బందు పెట్టి ఏడేండ్లు దాటింది. చేతులు కోస్తదని మేమే లొల్లి పెట్టినం. గప్పటి సంది జనపనార సుతిలే. పచ్చది గింత తెల్లగావాల్నంటె ఎన్ని ఎండలు తాగాలె? నేను మీ ఇంటాయన ఎంబడి సంచి పట్టుకుని వచ్చెటోన్ని, అబద్ధమెందుకు. ఉచ్చు పెట్టుడు మాత్రం గాయన చెయ్యే."

వేల ముళ్ళు విప్పిన మనిషి, ఈ ఒక్క ముడి విప్పకుండా మూటకట్టుకుంది. హబీబున్నీసా ఆ పచ్చటి రెండు అంగుళాలనే చూస్తూ ఉండిపోయింది. నాలుగు తొడల పిట్ట గుర్తొచ్చింది.

"జక్రాన్‌పల్లి మనిషి?" అంది.

"జక్రాన్‌పల్లి మనిషీ లేడు, కౌజులూ లేవు."

"నువ్వు తిన్నవా?"

"తిన్న. ఒక రెక్క ముక్క... రెక్కేంది, ముందటి కాలు. తొడలన్ని నీకే తెచ్చెటోడు. మా ఇంటామెకు పాణం, అనెటోడు."

ఆమె లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. ఏడేళ్ళు కంపలో చిక్కుకుని, ఎవరి జోలికీ పోకుండా ముడుచుకున్న ఉచ్చు. దాని మీది కంప కొట్టి, రోజుకింత విచ్చుకుని నిలబడేట్టు చేసింది ఎవరు? బేగం నేరుగా తన ఎదుటికి రావాలని సందు తెరిచింది ఎవరు? నడిపయ్య ఆ మాట అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ మండింది.

"ఎన్ని పెట్టెటోడు?" అంది.

"ఎప్పుడచ్చినా ఐదు."

ఇంకా నాలుగు. పిల్లలు తల్లి దారినే తిరుగుతాయి. ఇద్దరూ కంచె వెంట వంగి వంగి వెతికారు. పొద్దు గుట్ట ఎక్కేలోపు రెండు దొరికాయి. నడిపయ్య నడుము పట్టుకుని నిటారుగా లేచాడు.

"నేను పోవాలె. ఇయ్యాల్టి సంది మోత పని. గీ నడుము మొయ్యదు భాభీ. నా దబ్బనం నాకు కావాలె."

"సేటుకు చెప్త. నాదే తప్పని చెప్త."

"చెప్పుడు చాలదు." అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి గొంతు గట్టిపడింది. "నిన్న యార్డంత నన్ను సూసి నవ్వింది. గా పందొమ్మిది బస్తాలు నువ్వే కుట్టాలె. అందరి ముందట. నేను పక్కన నిలవడి సూస్త."

యార్డులో ఆడది దబ్బనం పట్టిన రోజు లేదు. "సరే," అంది హబీబున్నీసా.

ఆ రోజు యార్డు పని సగం ఆగిపోయింది. ఆమె సేటు ముందు నిలబడి, ముళ్ళు గుంజింది తానేనని ఊరు వినేటట్టు చెప్పింది. ఎందుకని అడిగితే, "నడిపయ్యది కాదు తప్పు, నా కండ్లది," అని ఊరుకుంది. ముందు కలిసిపోయిన కొమ్ములనూ మండలనూ మళ్ళీ ఏరింది. తర్వాత దబ్బనం పట్టింది. ముప్పై ఏళ్ళు విప్పడమే గాని వేయడం తెలియదు. మొదటి ముడి జారింది. కుర్ర హమాలీలు ఈల వేశారు. రెండోది బిగిసి మొరాయించింది. మూడోదానికి, విప్పే పనినే వెనక నుంచి ముందుకు చేస్తే సరిపోతుందని వేళ్ళకు తెలిసింది. నాలుగో బస్తా నుంచి ఈలలు ఆగిపోయాయి. నడిపయ్య చేతులు కట్టుకుని చూశాడు. పదో బస్తా దగ్గర, "తోక ఇంక లోపలికి," అన్నాడు. పందొమ్మిదోది అయ్యాక ఆమె చేతిలోని దబ్బనం తీసుకుని చెవికి దోపుకున్నాడు. సేటు చూసీ చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

కనకవ్వ నీళ్ళబాటిల్‌తో వచ్చి, రోజా అని గుర్తొచ్చి తానే తాగింది.

"ఇగ సద్ది తిట్లు ఎవలకే? నడిపన్న తప్పించుకునె."

"మా ఇంటాయనకు."

"సచ్చినోన్ని ఏమని తిడ్తవ్? నోట్ల మన్నువడ అందామంటె ఎప్పుడో పడ్డది. పాడె ఎక్క అందామంటె ఎక్కిండు. గాయనకు అన్ని తిట్లు అయిపోయినయ్ బీబక్కా. ఒక్కటి మిగల్లే."

నవ్వుతూ అన్న మాటే గాని హబీబున్నీసాను సాయంత్రం దాకా సతాయించింది. నిజమే. తగలాల్సిన తిట్లన్నీ ముందే తగిలించుకుని, హాయిగా పడుకున్నాడు. ఆరేళ్ళు ఆ మనిషి కుంట అని వచ్చి కూర్చుంది. గురువారం గురువారం గులాబీలు పోసింది. తనకు పెట్టింది వీటి తొడలా? తన ఇష్టం పేరు చెప్పి వీటి మెడలకు ముళ్ళా? ఏమంటే తగులుతుంది ఈ మనిషికి? యార్డులో విన్న తిట్లు, బస్సులో విన్న తిట్లు, నల్లా దగ్గరివి, అన్నీ తిరగేసింది. ఒక్కటీ గోరీ లోపలికి దిగేట్టు లేదు.

చెంగులో ఒక ఖర్జూరం, చేతిలో నీళ్ళ సీసాతో పొద్దు వాలేసరికి కుంట చేరింది. నాలుగో ఉచ్చు నీళ్ళ పక్క తుంగలో దొరికింది. అయిదోది దొరకలేదు. కంచెను చేత్తో తడుముతూ రెండుసార్లు తిరిగింది. ముళ్ళు గీరి మోచేతుల దాకా రక్తం. వెలుగు తగ్గుతోంది. వచ్చి తన బండ ఎక్కింది. ఇక తెలిసిన విద్య ఒక్కటే. కదలకుండా కూర్చుంది.

కొంగలు గుట్ట వైపు పోయాయి. నీటికోడి తుంగలోకి దూరింది. ఎర్రజొన్న మోళ్ళలో గడ్డి కదిలింది. ఒక పిల్ల. తల్లి చెవుల్లో సగం కూడా లేవు. నాలుగు గెంతులు, ఆగడం. మళ్ళీ నాలుగు గెంతులు. దాని వెనక ఇంకొకటి. బతికే ఉన్నాయి రెండూ. ముందరి పిల్ల పెద్ద సందు దగ్గరికి రాలేదు. దానికి ఎడంగా, ఆమె ఎన్నడూ చూడని చిన్న కంత ముందు ఆగింది. తల్లి నేర్పినట్టే వెనక కాళ్ళ మీద లేచి గాలి వాసన చూసింది. దాని మూతికి బెత్తెడు ముందు, గడ్డిపోచల మధ్య, గడ్డిపోచ కానిది ఒకటి గుండ్రంగా నిలబడి ఉంది. బూడిద రంగు.

తాను పక్క నుంచి లేస్తే అది ముందుకే ఉరుకుతుంది; చెవులపిల్లి బెదిరితే తెలిసిన దారికే దూకుతుంది. దానికి ఎదుటి నుంచి, కంతకు అవతల నుంచి చప్పుడు రావాలి. అవతల రాళ్ళగుట్ట. ఊళ్ళో అజాన్ ఇంకా కాలేదు. పిల్ల ముందరి కాళ్ళు దించింది.

హబీబున్నీసా గుట్ట వైపు తిరిగి, ఆరేళ్ళుగా ఆ కుంట దగ్గర ఎత్తని గొంతును ఎత్తింది.

"ఒరేయ్ ఇనాయతూ!"

గుట్ట రాళ్ళు ఆ పేరును పట్టుకుని తిప్పి కొట్టాయి. తీతువు గొంతు చించుకుని లేచింది. కుంట మీద ఉన్న రెక్కలన్నీ ఒక్కసారిగా గాలిలోకి ఎగిరాయి. గుట్ట నుంచి వచ్చిన కేకకు పిల్ల వెనక్కి గిరుక్కున తిరిగి, వంకరటింకరగా జొన్న మోళ్ళలో పడి మాయమైంది. రెండోది దాని వెనకాలే.

ముప్పై రెండేళ్ళు నోట పలకని పేరు. అంతకంటే పెద్ద తిట్టు ఆమె దగ్గర లేదు, అది ఉన్నట్టు ఆమెకే తెలియదు. రోజా విడవక ముందే నోరు జారింది కూడా. అనుకుంటుండగానే ఊళ్ళో నుంచి అజాన్ మొదలైంది.

ఆమె ముందు కంత దగ్గరికి వెళ్ళింది. కొడవలి తీయలేదు. ఎండి బిగిసిన ముడి మీద సీసాలోని నీళ్ళు కొద్దిగా పోసి, గోటితో తోక వెతికి, గుంజింది. రాలేదు. ఆ మనిషి చేయి వేసిన ముళ్ళలో లోకంలో మిగిలింది ఇదొక్కటే. ఇంకొంచెం నీళ్ళు పోసి మళ్ళీ గుంజింది. విడిపోయింది. లోపల పచ్చగా ఉంది.

నాలుగు దారాలతో పాటు దాన్నీ దస్తీలో చుట్టి నడుముకు దోపుకుంది. ఖర్జూరం నోట్లో వేసుకుని, మిగిలిన రెండు గుక్కల నీళ్ళు తాగింది.

"ఐదు ఉచ్చులకు ఐదు గురువారాలు," అంది, కుంట నీళ్ళ వైపు చూస్తూ. "పూలు లేవ్. ఒక్క రేకు తేను. ఇంటున్నవా?"

మళ్ళీ పేరు పెట్టి అంది.

"ఇంటున్నవా, ఇనాయత్?"